బస్సు ముందా, నేను ముందా?

ఏది ముందు, ఏది వెనుక అన్నది మన తెలుగులో క్రియ తోకలోనే ఉంటది. ‘వచ్చేసరికి’, ‘తిన్నాక’, ‘పోకముందు’. ఇంగ్లీషులో ఈ తోకలు లేవు. వెన్, ఆఫ్టర్, బిఫోర్ అనే కంజంక్షన్లు విడిగా వాక్యం ముందు నిలబడతయి. వీటికి ఆల్రెడీ, జస్ట్ అనే యాడ్‌వర్బులు తోడొస్తయి.

సెలవుల తర్వాత ఆలస్యంగా వచ్చి వార్డెన్ గారికి చీటీ రాస్తున్నామనుకోండి. ‘వెన్ ఐ రీచ్డ్ మన్ననూర్, ద బస్ లెఫ్ట్’ అంటే నేను చేరినాకనే బస్సు కదిలిందని అర్థం. మరి ఎందుకు ఎక్కలేదమ్మా అంటారు! ‘ద బస్ హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్’ అని రాస్తేనే అప్పటికే పోయిందని తెలుస్తది. ‘హ్యాడ్ జస్ట్ లెఫ్ట్’ అంటే అప్పుడే పోయింది, దుమ్ము కూడా అణగలేదు. ఈ చిన్న మాటల చోటు హ్యాడ్‌కు, లెఫ్ట్‌కు నడుమ.

బిఫోర్, ఆఫ్టర్ ఉంటే వరుస వాటితోనే తెలుస్తది, హ్యాడ్ లేకున్నా చెల్లుతది. ‘బిఫోర్ నాగర్‌కర్నూల్ బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2016, ఇట్ వజ్ ఇన్ మహబూబ్‌నగర్ డిస్ట్రిక్ట్.’ గద్వాల, వనపర్తి పేర్లు పెట్టినా సరిపోతది. మూడూ 2016 అక్టోబరు 11నే జిల్లాలైనయి.

పని నడుస్తుండగా ఇంకొకటి జరిగితే వైల్. ‘వైల్ వుయ్ వర్ ఈటింగ్, ద లైట్స్ సడన్లీ వెంట్ ఆఫ్.’ ఇది మన హాస్టలుకు బాగా పనికొస్తది.

ఆల్‌దో పెడితే మాత్రం బట్ పెట్టొద్దు. రెండూ కంజంక్షన్లే, ఒక్క మోపుకు రెండు ముళ్లెందుకు? స్టిల్ యాడ్‌వర్బు కాబట్టి ఉండొచ్చు: ‘ఆల్‌దో ఇట్ వజ్ వెరీ హాట్, వుయ్ స్టిల్ వాక్డ్ టు సలేశ్వరం.’