పెద్దప్రేగు తొలగింపు: సంచి గురించి సంకోచమేల?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుండి మన ఉచిత వైద్యశిబిరానికి వచ్చే భక్తులలో కొందరు, మలంలో రక్తం పడుతూంటే మూలశంక అని తలచి ఏళ్ల తరబడి నాటుమందులతో సరిపెట్టుకొన్నవారు. అందులో కొందరికి అసలు వ్యాధి అల్సరేటివ్ కొలైటిస్. అనగా పెద్దప్రేగు లోపలిపొర వాచి పుండ్లు పడుట. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చొని పట్టుచీర నేసే మనిషి రోజుకు పదిహేనుమార్లు లేవవలసి వస్తే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది?

చాలామందికి మందులతోనే వ్యాధి అదుపులో ఉంటుంది. మందులకు లొంగనప్పుడు, ప్రేగు ఉబ్బి పగిలే ప్రమాదం ఏర్పడినప్పుడు, క్యాన్సరు సూచనలు కొలనోస్కోపీలో కనబడినప్పుడు పెద్దప్రేగును, మలాశయాన్ని తొలగిస్తారు. పూర్వం ఆపైన ఉదరంమీది సంచి చాలామందికి జీవితాంతం తప్పేది కాదు. 1978లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు అలన్ పార్క్స్, జాన్ నికోల్స్ చిన్నప్రేగు చివరిభాగాన్ని మడిచి తిత్తిగా కుట్టి, మలద్వారానికి కలిపే పద్ధతిని ప్రకటించారు. నేడు ఇదే పనిని పొట్టపై చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేస్తున్నారు. గాయం చిన్నది, కోలుకొనుట త్వరితం.

సాధారణంగా ఇది రెండు మూడు విడతల పని. తిత్తి మానేవరకు కొన్ని నెలలు మలం ఉదరంమీది సంచిలోనికి వస్తుంది. మనవారు జంకేది కత్తికి కాదు, ఈ సంచికే. "దీంతో గుడికి రావచ్చునా సారూ?" అని పెనుకొండ నుండి వచ్చిన ఒక తల్లి అడిగారు. మనందరి కడుపులోనూ ఉన్నదే ఆ సంచిలోనూ ఉన్నదమ్మా, నిస్సంకోచంగా రండి అన్నాను.

అయితే ఆ నెలలలో ఉపవాసం మాత్రం వద్దు. నీటిని, ఉప్పును పీల్చుకొనే పెద్దప్రేగు లేదు గనుక మన ఎండలకు ఒళ్లు త్వరగా డస్సిపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోవాలి. వేరుశనగకాయలు తొలివారాలలో మానుట మంచిది.

సంచి తీసివేసిన పిమ్మట రోజుకు ఐదారుసార్లు విరేచనం కావచ్చును, కాని చాలామంది ఆపుకొనగలరు. తిత్తి వాచినా చాలామందికి యాంటీబయాటిక్ మందులతో తగ్గుతుంది.

తిరుపతి స్విమ్స్‌లో జీర్ణకోశ శస్త్రచికిత్స విభాగం ఉన్నది. ధర్మవరం నుండి రైలు సౌకర్యం కలదు. ఇక సంచులు మళ్లీ మళ్లీ కొనవలసినవి. వైద్యసేవకు ఏమి ఇవ్వమంటారని దాతలు అడిగినప్పుడు నేను ముందుగా చెప్పేది వీటినే.