ల్యాప్‌టాప్ సెల్స్‌తో స్పోర్ట్స్ కారు: వేగం కన్నా వేడే పెద్ద సవాలు

ఆరు లీటర్ల పెట్రోలులో దాదాపు 53 కిలోవాట్-అవర్ల శక్తి ఉంటుంది. అంతే శక్తిని బ్యాటరీలో నింపుకుని, ఒక్క చార్జింగ్‌తో 393 కిలోమీటర్లు వెళ్లగలదని అధికారిక పరీక్షలో తేలిన కారు టెస్లా రోడ్‌స్టర్. 2008లో అమెరికాలో కొనుగోలుదారుల చేతికి అందిన ఈ స్పోర్ట్స్ కారు నాలుగు సెకన్లలోపే గంటకు 97 కిలోమీటర్ల వేగం అందుకునేది. అయితే దాని తయారీలో ఇంజినీర్లకు అసలు పరీక్ష పెట్టింది వేగం కాదు, వేడి.

ముందుగా వేగం సంగతి చూద్దాం. పెట్రోలు ఇంజిన్ కొంత వేగంగా తిరిగితే తప్ప పూర్తి బలం ఇవ్వలేదు. అందుకే దానికి అన్ని గేర్లు. విద్యుత్ మోటారులో కాయిళ్లకు కరెంటు అందగానే అయస్కాంత క్షేత్రం ఏర్పడి, చక్రం కదలకముందే పూర్తి తిప్పుడు బలం (టార్క్) సిద్ధంగా ఉంటుంది. రోడ్‌స్టర్‌లో వాడిన ఇండక్షన్ మోటారు కొత్తదేమీ కాదు. నికోలా టెస్లా 1888లోనే దానికి పేటెంట్లు పొందారు. కారుకు మొదట రెండు గేర్లు పెట్టాలనుకున్నారు. కానీ ఆ గేర్‌బాక్స్ మన్నిక పరీక్షల్లో నిలబడలేదు. చివరకు మోటారుకు కరెంటు అందించే ఎలక్ట్రానిక్స్‌ను మెరుగుపరిచి, ఒకే గేరుతో సరిపెట్టారు.

శక్తిని నిల్వ చేయడమే కష్టం. కాలిఫోర్నియాలోని ఏసీ ప్రొపల్షన్ సంస్థ 1990లలో ‘టీజీరో’ అనే విద్యుత్ స్పోర్ట్స్ కారును సీసం-ఆమ్లం బ్యాటరీలతో తయారుచేసింది. 2003లో వాటి స్థానంలో సుమారు 6,800 చిన్న లిథియం-అయాన్ సెల్స్ అమర్చింది. బరువు బాగా తగ్గింది, వెళ్లగలిగే దూరం బాగా పెరిగింది. రోడ్‌స్టర్‌కు దారి చూపింది ఈ ప్రయోగమే.

ఆ సెల్స్ అప్పట్లో ల్యాప్‌టాప్‌లలో వాడినవే. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవుతో చేతివేలంత ఉంటాయి. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 3.7 వోల్టులు. రోడ్‌స్టర్‌లో 69 సెల్స్‌ను సమాంతరంగా కలిపి ఒక కట్టగా చేశారు. అలాంటి 9 కట్టలను శ్రేణిలో కలిపి ఒక పలకగా, 11 పలకలను మళ్లీ శ్రేణిలో కలిపి మొత్తం బ్యాటరీగా రూపొందించారు. అంటే 6,831 సెల్స్, సుమారు 450 కిలోల బరువు, 366 వోల్టులు.

డ్రైవరు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కితే మోటారు సుమారు 185 కిలోవాట్ల సామర్థ్యంతో పనిచేసేది. ఆ క్షణంలో బ్యాటరీ నుంచి 500 ఆంపియర్లకు పైగా కరెంటు ప్రవహించాలి. 69 సెల్స్ పంచుకున్నా ఒక్కోదానిపై ఏడు ఆంపియర్లకు పైగా భారం పడుతుంది. ల్యాప్‌టాప్‌లో సెల్‌పై పడే భారం దీనికన్నా చాలా తక్కువ. కరెంటు మూడింతలైతే, అంతర్గత నిరోధం వల్ల పుట్టే వేడి తొమ్మిదింతలవుతుంది. ఈ వేడిని ఎప్పటికప్పుడు బయటకు లాగేందుకు సెల్స్ పక్కనుంచి గొట్టాల్లో నీరు, గ్లైకాల్ కలిపిన ద్రవాన్ని ప్రవహింపజేశారు.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. లోపం ఉన్న సెల్‌లో లోపలే షార్ట్ సర్క్యూట్ జరిగితే వేడి పెరుగుతుంది. ఆ వేడి రసాయన చర్యలను వేగవంతం చేస్తుంది, అవి మరింత వేడిని పుట్టిస్తాయి. దీనినే ‘థర్మల్ రన్‌అవే’ అంటారు. రోడ్‌స్టర్‌ను తొలిసారి జనానికి చూపింది 2006 జులైలో. మరుసటి నెలలోనే డెల్ సంస్థ మంటల ముప్పు కారణంగా 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిపించింది.

ఒక లెక్క వేసి చూద్దాం. కోటి సెల్స్‌లో ఒక్కదానిలోనే లోపం ఉందనుకుందాం. కారుకు 6,831 సెల్స్ చొప్పున, దాదాపు ప్రతి 1,500 కార్లలో ఒకదానిలో ఆ లోపభూయిష్టమైన సెల్ ఉంటుంది. కాబట్టి ఏ సెల్ ఎప్పటికీ పాడవదనే నమ్మకంతో కారు తయారుచేయలేం. ఒకటి అంటుకున్నా పక్కదానికి పాకకూడదన్నదే లక్ష్యం కావాలి. ప్రతి సెల్‌కు ఫ్యూజులు, వేడిని పంచే ఏర్పాటు, ఉష్ణోగ్రతను, వోల్టేజీని నిరంతరం గమనించే ఎలక్ట్రానిక్స్ అందుకే పెట్టారు. చిన్న సెల్స్ వాడటంలోనూ ఇదే లాభం. ఒక్కోదానిలో ఉండే శక్తి తక్కువ కనుక, ఒకటి పాడైతే వెలువడే వేడీ తక్కువే.

ఈ పాఠం ఖరీదైన కార్లకే పరిమితం కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇళ్లలో విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇలాంటి ఘటనల తర్వాత కేంద్రం ఏఐఎస్-156, ఏఐఎస్-038 భద్రతా ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. ఒక సెల్‌లో పుట్టిన వేడి మిగతా వాటికి పాకితే ఏమవుతుందన్న పరీక్ష వీటిలో ముఖ్యమైనది.

విద్యుత్ వాహనం కొనేటప్పుడు ‘ఒక్క చార్జింగ్‌కు ఎన్ని కిలోమీటర్లు’ అని అందరం అడుగుతాం. బ్యాటరీ ఈ కొత్త ప్రమాణాల ప్రకారం పరీక్షకు నిలిచిందా అని కూడా అడగాలి. కొన్నాక కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి. ఎండలో తిరిగొచ్చిన బండిని కాసేపు చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టాలి. దెబ్బతిన్న, ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచుకోకూడదు.