అమ్మమ్మ పొయ్యి ఎప్పుడు వెలిగించింది?

స్పానిష్ నేర్చుకునేవాళ్ళకు మొదట్లోనే ఎదురయ్యే చిక్కు భూతకాలం. సహాయక క్రియ అక్కర్లేకుండా ఒకే మాటతో చెప్పగల భూతకాలాలు ఆ భాషలో రెండున్నాయి. ఒకటి ప్రెతెరితో, రెండోది ఇంపెర్‌ఫెక్తో. జరిగిపోయిన దాన్ని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ రెండింట్లో ఏది వాడాలో తేల్చుకోవాలి. ఒకదాని బదులు మరొకటి వాడితే వాక్యం వ్యాకరణపరంగా సరిగ్గానే ఉండొచ్చు, అర్థం మాత్రం వేరైపోతుంది.

ఒక వాక్యం చూద్దాం. “క్వాందో యెగో మి మాద్రె, మి అబ్వేలా కొసినాబా.” అంటే, అమ్మ వచ్చేసరికి అమ్మమ్మ వంట చేస్తోంది. పొయ్యి అప్పటికే వెలుగుతోంది, కూర సగం ఉడికే ఉంటుంది. ఇప్పుడు చివరి మాట తీసేసి “కొసినో” అని పెట్టండి. అమ్మ వచ్చింది, అప్పుడు అమ్మమ్మ వంట చేసింది. మొదటి వాక్యంలో అమ్మ గుమ్మంలోకి రాగానే తాలింపు వాసన తగులుతుంది, రెండోదాంట్లో తగలదు. మారింది క్రియ చివరి అక్షరాలే.

ప్రెతెరితో ఒక పనిని మొదలూ చివరా కలిపి, అయిపోయినదిగా బయటినుంచి చూపిస్తుంది. ఇంపెర్‌ఫెక్తో మనల్ని ఆ పని మధ్యలోకి తీసుకెళ్ళి నిలబెడుతుంది. అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో చెప్పదు. ఆ పేరుకు లాటిన్‌లో అర్థం ‘పూర్తికానిది’ అని.

ఈ సంగతిని పేరులోనే ఇమిడ్చినవాడు ఆంద్రెస్ బెయ్యో. కారకాస్‌లో పుట్టి చిలీలో స్థిరపడిన ఈ పండితుడు 1847లో అమెరికా ఖండంలో స్పానిష్ మాట్లాడేవారి కోసం వ్యాకరణం రాశాడు. అందులో ఇంపెర్‌ఫెక్తోకు ‘కోప్రెతెరితో’ అని పేరు పెట్టాడు. సహభూతం అన్నమాట, గతంలోని మరో సంఘటనకు తోడుగా సాగుతున్నది. అమ్మ రాకకు తోడుగా అమ్మమ్మ వంట. మెక్సికో బడుల్లో ఈ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. పాఠ్యపుస్తకాలన్నీ దీన్నే వాడి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

మనవాళ్ళు సాధారణంగా స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటారు. చిక్కు ముదిరేది అక్కడే, ఎందుకంటే ఇంగ్లీషులో చాలాసార్లు కనిపించని ఈ తేడా తెలుగులో ముందే ఉంది. ‘వండింది’ అంటే ప్రెతెరితో. ‘వండుతోంది’, ‘వండేది’ రెండూ ఇంపెర్‌ఫెక్తో కిందికే వస్తాయి. ఆదివారాలు అమ్మమ్మ వండేది అన్నా, అమ్మ వచ్చేసరికి వండుతోంది అన్నా స్పానిష్‌లో ఒకటే మాట, కొసినాబా.

ఇంకా ముచ్చటైన జంట ఒకటుంది. ‘సబీయా’, ‘సూపె’ రెండూ ఒకే క్రియకు రూపాలు. ఇంగ్లీషులో రెండింటికీ ‘న్యూ’ అని రాసుకుంటే తేడా మాయమైపోతుంది. తెలుగులో అడిగితే తడుముకోనక్కర్లేదు. సబీయా అంటే ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. సూపె అంటే నాకు తెలిసింది, అప్పుడే కబురు అందింది. అలాగే ‘కొనోసీయా’ అంటే ఆయనతో పరిచయం ఉండేది, ‘కొనోసీ’ అంటే ఆయన పరిచయమయ్యాడు.

చాలాకాలం సాగిన పనికి ఇంపెర్‌ఫెక్తో వాడాలని కొందరు నేర్పుతారు. అది తప్పు. పదేళ్ళు మాడ్రిడ్‌లో ఉన్నాను అనడానికి స్పానిష్‌లో ప్రెతెరితో వాడి “బిబీ దియేస్ ఆన్యోస్ ఎన్ మాద్రిద్” అంటారు. పదేళ్ళని లెక్క కట్టామంటే దానికి హద్దు గీసేశాం. తెలుగులోనూ ‘పదేళ్ళు ఉన్నాను’ అనే అంటాం, ‘పదేళ్ళు ఉండేవాణ్ణి’ అంటే చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. ‘నిన్న’ అని కనిపిస్తే ప్రెతెరితో రాయమనే సూత్రానిదీ అదే గతి. నిన్న అయిదింటికి వాన పడుతోంది అనాలంటే ఇంపెర్‌ఫెక్తోనే కావాలి, “ఆయేర్ ఆ లాస్ సింకో యొబీయా.” అందుకే నోట్సులో స్పానిష్ వాక్యం పక్కన తెలుగు వాక్యం రాసుకోమని చెబుతాను. సూత్రాల పట్టిక కంటే అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

తెలుగు చెయ్యిచ్చే చోటు కూడా ఉంది, గడియారం దగ్గర. ‘అప్పటికి అయిదయింది’ అంటాం కదా. ఆ ‘అయింది’ని చూసి ప్రెతెరితో రాస్తే తప్పుతుంది. గతంలో ఎన్ని గంటలైందో చెప్పేటప్పుడు స్పానిష్ వాళ్ళు ఇంపెర్‌ఫెక్తోలో “ఎరాన్ లాస్ సింకో” అంటారు. వయసుకూ అంతే. అప్పుడు నాకు పదేళ్ళు అనాలంటే “తెనీయా దియేస్ ఆన్యోస్.” పదేళ్ళు నిండాయి అనాలంటే క్రియే మారిపోయి ప్రెతెరితో వస్తుంది, “కుంప్లీ దియేస్ ఆన్యోస్.” నిండడం ఆ పుట్టినరోజు నాటి ముచ్చట. మర్నాటి నుంచి మళ్ళీ పుట్టినరోజు వచ్చేదాకా తెనీయాయే.