కార్డినలు పదవి – నాడు, నేడు

కాథలిక్ మతసంస్థలో పోపు తరువాత అగ్రస్థానం కార్డినళ్ళదే. నూతన పోపును ఎన్నుకొనే అధికారమూ వారిదే. పునరుజ్జీవన యుగంలో ఈ పదవికి యోగ్యత కంటె వంశమే ప్రధానంగా ఉండేది. ఇటలీలో ఫ్లారెన్సు నగరాన్ని శాసించిన మెడిచీ వంశీయుడు లొరెంజో, తన కుమార్తెను 1488లో నాటి పోపు కుమారునికిచ్చి వివాహం చేశాడు. మరుసటి యేడే ఆయన కుమారుడు జొవాన్నికి, పదమూడేండ్ల ప్రాయంలో, కార్డినలు పదవి లభించింది. ఆ బాలుడే 1513లో పదవ లియో పేరుతో పోపు అయినాడు.

మన తెలుగునాటి తొలి కార్డినలు కథ వేరు. పూల ఆంథోని గారు 1961లో నాటి కర్నూలు జిల్లా చిందుకూరులో దళిత కుటుంబంలో జన్మించారు. పేదరికం వల్ల ఏడవ తరగతితో చదువు ఆగిపోగా, మిషనరీలు ఆదుకొని చదివించారు. 1992లో గురువుగా అభిషేకం పొంది, 2008లో కర్నూలు పీఠాధిపతిగా, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులైనారు. 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ ఆయనకు కార్డినలు పదవి నొసగినారు. భారతదేశంలో ఆ గౌరవం పొందిన తొలి దళితుడు ఆయనే.

2025 మే నెలలో 133 మంది కార్డినళ్ళు రోములో సమావేశమై పదునాల్గవ లియోను పోపుగా ఎన్నుకొన్నారు. వంశగౌరవమే అర్హతగా చెల్లిన ఆ సభలో, ఈ మారు చిందుకూరు బిడ్డ కూడా ఓటు వేసినాడు.