రొజేసియా: కంటికి శస్త్రచికిత్స ఎప్పుడు?

ముఖం తరచుగా ఎర్రబారి, బుగ్గలపై సన్నని రక్తనాళాలు తేలి, మొటిమల వంటి పొక్కులు లేచే వ్యాధి రొజేసియా. దీనిని కేవలం సౌందర్యానికి సంబంధించిన లోపంగా భావించరాదు. ఇది కంటిని కూడ ఆశ్రయిస్తుంది. కొందరిలో చర్మంకంటే ముందు కంటిలోనే పొడచూపుతుంది. చామనఛాయవారిలో ముఖపు ఎరుపు స్పష్టంగా కనబడదు గనుక వ్యాధిని గుర్తించడం ఆలస్యమవుతుంది.

తొలిదశ

రెప్పల అంచులలోని మైబోమియన్ గ్రంథులు కన్నీటిపై పలుచని నూనెపొరను పరుస్తాయి. అవి పూడుకొనిపోతే కన్నీరు త్వరగా ఆవిరై మంట, ఎరుపు, ఇసుక పడినట్లు గరగర కలుగుతాయి. గోరువెచ్చని గుడ్డతో మూసిన రెప్పలపై కాపడం, రెప్పల అంచులను శుభ్రపరచడం, ఎండను, మద్యాన్ని, అధిక కారాన్ని వర్జించడం హితకరం. నేత్రవైద్యులు కృత్రిమ కన్నీటి చుక్కలు, అవసరమైతే డాక్సీసైక్లిన్ వంటి ఔషధాలు ఇస్తారు. పలువురికి ఇంతమాత్రం చాలును.

శస్త్రసాధ్య దశ

రెప్పలో గట్టిపడి కరగని గడ్డను లోపలివైపు నుండి కోసి గీకి తీస్తారు. సుశ్రుతుడు 76 నేత్రరోగాలను వర్ణిస్తూ, లగణమనే రెప్పగడ్డను భేదనసాధ్యాలలో చేర్చాడు. శస్త్రం మన శాస్త్రానికి పరాయిది కాదు.

అసలు ప్రమాదం నల్లగుడ్డుపైని పారదర్శకమైన కార్నియాకు వాపు సోకినప్పుడు. దానిలోకి రక్తనాళాలు చొచ్చుకొని వస్తాయి. పొర పలుచబడి, పుండుపడి, ఒక్కొక్కప్పుడు చిల్లుపడుతుంది. చిన్న చిల్లును సయనోఅక్రిలేట్ జిగురుతో మూసి, పైన మెత్తని కాంటాక్ట్ లెన్స్ అమరుస్తారు. కొందరికి ఉమ్మనీటి సంచి పొరను అతుకుతారు. చిల్లు పెద్దదైతే దాత కార్నియాను అమర్చవలసివస్తుంది. ఈ మార్పిడిని 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ తొలిసారి సఫలం చేశాడు. అయితే రక్తనాళాలు పెరిగిన కార్నియాలో కొత్త పొరను శరీరం తిరస్కరించే అవకాశం ఎక్కువ. కావున, చిల్లు పడనంతవరకు, ముందుగా వాపును శమింపజేసి పిదప శస్త్రానికి పూనుకొంటారు. శస్త్రం రెప్పల వ్యాధిని పోగొట్టదు; తరువాత కూడ రెప్పల శుభ్రత మానరాదు.

హెచ్చరిక

తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, కార్నియాపై తెల్లని మచ్చ, హఠాత్తుగా వెచ్చని నీరు కారడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆనాడే నేత్రవైద్యుని దర్శించాలి. అట్టి కంటిలో తేనె, ఆముదం, చనుబాలు, ఆకుపసరు వేయరాదు. కాపడం కూడ ఆపాలి. కంటిని నొక్కరాదు. స్టెరాయిడ్ చుక్కలను సొంతంగా కొని వాడరాదు. గృహవైద్యం తొలిదశకే పరిమితమని గృహస్థులు గ్రహించెదరు గాక.