దరియా దౌలత్ గోడపై యుద్ధం.. ఆ బొమ్మలో అసలు రంగు ఎంత?

మైసూరు టూర్‌కి వెళ్లేవాళ్లు శ్రీరంగపట్నంలో ఆగడం మామూలే. అక్కడ కావేరి ఒడ్డున, తోట మధ్యలో ఉంటుంది దరియా దౌలత్ బాగ్. 1784లో టిప్పు సుల్తాన్ కట్టించిన వేసవి విడిది ఇది. లోపలా బయటా గోడల నిండా బొమ్మలే. కానీ మనం చూసే రంగులన్నీ టిప్పు కాలం నాటివి కావు!

ఏముంది ఆ బొమ్మలో?

పడమటి గోడపై ఉన్నది పొల్లిలూర్ యుద్ధం. 1780 సెప్టెంబర్ 10న కాంచీపురం దగ్గర హైదర్ అలీ, టిప్పు సేనలు ఈస్టిండియా కంపెనీ దళాన్ని చిత్తు చేశాయి. పల్లకీలో కల్నల్ బెయిలీ, చుట్టూ చతురస్రంగా నిలబడ్డ సిపాయిలు, పేలిపోతున్న మందుగుండు బండి.. అన్నీ గోడపైకి ఎక్కాయి. హైదరాబాద్ నిజాం సైన్యం కూడా ఇందులో ఉంది.

రంగు మీద రంగు

టిప్పు కాలంలోనే ఈ బొమ్మపై వెల్ల వేశారని చెబుతారు. 1799లో టిప్పు చనిపోయాక ఇక్కడ మకాం పెట్టిన ఆర్థర్ వెల్లెస్లీ దాన్ని బాగు చేయించాడు. 1850లలో గవర్నర్ జనరల్ డల్హౌసీ మళ్లీ రంగులు వేయించాడు. మరి ఇప్పుడు కాపాడాల్సింది ఏ పొరను? నిపుణులకు అసలు చిక్కు ఇదే. పై రంగు గీకేస్తే కింద పాతది దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. పైగా ఆ పై రంగుకూ ఇప్పుడు 150 ఏళ్లు దాటాయి. అదీ చరిత్రే.

గీకకుండా ఎలా తెలుస్తుంది?

ఇలాంటి గోడలను ముందు వెలుతురుతోనే పరీక్షిస్తారు. పక్క నుంచి లైటు వేస్తే ఉబ్బిన, పొట్టు లేచిన చోట్లు బయటపడతాయి. అతినీలలోహిత కాంతిలో తర్వాత వేసిన రంగులు తేడాగా కనిపిస్తాయి. పరారుణ కాంతి ఒక్కోసారి అడుగున ఉన్న గీతలను చూపిస్తుంది. ఇదే యుద్ధాన్ని కాగితాలపై వేసిన పాత బొమ్మ కూడా ఒకటి ఉంది. 2022లో లండన్‌లో వేలానికి వచ్చింది. పోల్చి చూడటానికి అలాంటివి పనికొస్తాయి.

ముందు చెమ్మ.. తర్వాతే రంగు

గోడలోకి నీరు చేరితే లవణాలు పైకి వచ్చి గడ్డకడతాయి, రంగును నెట్టేస్తాయి. అందుకే మొదట చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపాలి. తర్వాత లేచిన పొరల కింద పలచటి జిగురు పంపి, మెత్తగా అద్దుతారు. ఊడిపోయిన చోట ఊహించి కొత్త బొమ్మ గీయరు.

దరియా దౌలత్‌లో ఎండ పడకుండా ఆకుపచ్చ తెరలు వేలాడుతుంటాయి. లోపల చీకటిగా ఉందని విసుక్కోకండి. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు. గోడను తాకకుండా చూసి రావడం.. మన వంతు సాయం అదే.