బండి వుంటే చాలదు, లైసెన్సు నిలవాలి
బాడుగ బండ్ల డ్రైవర్లు తెలుసుకోవలసిన నిబంధనలు

మైపాడు: ఇందుకూరుపేట మండలంలోని ఈ తీర గ్రామానికి సముద్రం ఏమిచ్చినా అది చక్రాల మీదనే బజారుకు చేరాలి. ఒడ్డుకు వచ్చిన చేపలు, గుంటల్లో పట్టిన రొయ్యలు, ఐసు, మేత బస్తాలు, కోతల కాలంలో ధాన్యం అన్నీ నెల్లూరు దారి పట్టవలసినవే. కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు వచ్చే జనం సరేసరి. ఈ రాకపోకలను నమ్ముకుని ట్రాలీ ఆటోలు, మినీ లారీలు నడిపి బతికే కుటుంబాలకు బండి కిస్తీ ఎప్పుడూ గుర్తుంటుంది. ఆ బండిని నడిపే హక్కు జేబులోని లైసెన్సు కార్డులో వున్నదన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. లైసెన్సు మూడు నెలలు సస్పెండైనా కిస్తీ ఆగదు. ఆగేది ఇంట్లో పొయ్యి.

చిన్న బండ్లకు ఊరట

సొంత కారు లైసెన్సుతో బాడుగ బండి నడపవచ్చునా, కూడదా అన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని తేల్చింది. బండి, సరుకు కలిపి 7,500 కిలోలు మించని వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే బాడుగకు నడపవచ్చునని చెప్పింది.

అంతకు మించిన లారీలు, బస్సుల సంగతి వేరు. వాటికి 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనం లైసెన్సు పొంది ఏడాది అయి వుండాలి. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. 8వ తరగతి ప్యాసై వుండాలన్న నిబంధనను మాత్రం కేంద్రం 2019లో ఎత్తివేసింది. కనుక చదువు లేదని ఎవరూ వెనుకాడనక్కరలేదు.

లైసెన్సు పోయేది ఇక్కడే

లైసెన్సు పోవడానికి ఘోరమైన నేరమే చేయనక్కరలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 21వది ఒక పెద్ద జాబితా ఇచ్చింది. అధిక లోడు, మితిమీరిన వేగం, తాగి నడపడం, నడుపుతూ సెల్‌ఫోను మాట్లాడడం, ఆపమన్న చోట ఆపకపోవడం, ప్రయాణికులతో అసభ్యంగా ప్రవర్తించడం అన్నీ అందులో వున్నాయి. సరుకుల బండిలో మనుషులను ఎక్కించుకోవడం కూడా వున్నది. నాట్లకో, రొయ్యల గుంటల పనికో పోయే కూలీలను వారి దగ్గర పైసా తీసుకోకుండా ఎక్కించుకున్నా తప్పు తప్పే.

సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకు గట్టి ఆదేశాలిచ్చింది. అతివేగం, ఎర్రదీపం దాటడం, అధిక లోడు, సరుకుల బండిలో మనుషులు, తాగుడు, సెల్‌ఫోను - వీటిలో ఏ ఒక్కటి జరిగినా లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండు చేయాలన్నది.

అయితే డ్రైవరు చెప్పేది వినకుండా లైసెన్సు తీసివేసే అధికారం ఎవరికీ లేదు. అధికారి అతని వాదన విని, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుపై 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. సస్పెన్షనులో వున్నప్పుడు బండి నడిపితే మాత్రం మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి.

తాగి నడిపే వారికి శిక్ష ఇంకా ఎక్కువ. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధిస్తారు. పిల్లవాడికి బండి ఇచ్చిన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా తప్పవు.

గడువు చూసుకోవాలి

భారీ వాహనాల లైసెన్సు అయిదేళ్లకోసారి మార్చుకోవాలి. పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకర సరుకు మోసే వారికి మూడేళ్లే గడువు. వెనుక గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు వుండేది. 2019 సవరణతో అది పోయింది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువలుకు దరఖాస్తు పెట్టవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ పరీక్షకు నిలబడాలి.

ప్రమాదం జరిగితే

అసలు నష్టం అప్పుడే తెలుస్తుంది. సరైన లైసెన్సు లేని వ్యక్తికి తెలిసి బండి ఇస్తే, బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని దగ్గర తిరిగి రాబట్టుకోవచ్చునని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకుల బండి ఎక్కిన కూలీలది ఇంకా దయనీయం. సరుకు యజమాని, అతని ప్రతినిధి తప్ప ఆ బండిలో పోయే ప్రయాణికులకు బీమా వర్తించదని అదే కోర్టు 2002లో తీర్పు ఇచ్చింది. బండి బోల్తా పడితే కూలీ ఇంట్లో దీపం ఆరుతుంది, బండి యజమాని ఇల్లు అప్పుల పాలవుతుంది.

ప్రమాదం జరిగిన చోటి నుంచి పారిపోవడం కూడా లైసెన్సుకు ఎసరే. దెబ్బ తగిలిన వారికి వైద్యం అందేలా చూడడం, 24 గంటల్లోగా పోలీసులకు తెలపడం డ్రైవరు బాధ్యత.

లైసెన్సు తీసి గడువు తేదీ చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. పని రోజు పోగొట్టుకుని నెల్లూరు తిరగలేని డ్రైవర్ల కోసం రవాణా శాఖ వారు తీర గ్రామాల్లోనే ఏడాదికోసారి రెన్యువలు శిబిరం పెడితే ఎంతో మేలు. కూలీలకు సరైన బండి ఏర్పాటు చేయవలసిన బాధ్యత పనికి పిలిచే రైతులకు, గుంటల యజమానులకు కూడా వున్నది.